దేవుడున్నాడన్న మాట ఎవరి నోట?

తెలుగులో "దేవుడున్నాడు" అన్నది రెండే పదాల వాక్యం. ఒక కర్త, ఒక క్రియ. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇందులో చర్చించవలసినదేమీ లేదు. అయినా ఈ వాక్యానికి అర్థాన్ని నిర్ణయించేది వ్యాకరణం కాదు, పలికే నోరు. పొయ్యి వెలగని ఇంట్లో తల్లి తన బిడ్డతో ఈ మాట అంటే అది విశ్వాసం. కడుపు నిండిన గృహస్థుడు గడప ముందు నిలుచున్నవాణ్ణి పంపివేస్తూ ఇదే మాట అంటే అది తప్పించుకోవడం. మా అగళి ప్రాంతం కన్నడ సీమను ఒరుసుకొని ఉన్నందువల్ల ఇక్కడ అదే మాట "దేవరిద్దానె" అని కూడ వినబడుతుంది. భాష మారినంత మాత్రాన బుద్ధి మారదు గదా!

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తెలుగు పండిత శిక్షణ పొంది, మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. అమరకోశమూ బైబిలూ ఒకే బల్లమీద ఉండే ఇల్లు మాది. అందుచేత ఈ వ్యాసంలో నేను చేయబోయేది మాటల పరిశీలన. బీదవాణ్ణి దేవుడే పోషిస్తాడన్న బైబిలు బోధను మనవాళ్ళు, ముఖ్యంగా మా క్రైస్తవ సోదరులు, తలక్రిందులుగా చదువుతున్నారని నా అభియోగం. దేవుడు బీదవాడికి కేటాయించిన భాగం ఆకాశంలో లేదు, ఉన్నవాడి పొలంలోనూ గాదెలోనూ సంచిలోనూ ఉన్నది. ఇది నా సొంత కల్పన కాదని నిరూపించడానికి ప్రయత్నిస్తాను. విజ్ఞులైన చదువరులు ఓపికతో చదివి తప్పొప్పులు నిర్ణయింతురు గాక.

మొదట "పరిగె" అన్న మాట చూద్దాం. కోత కోసిన తరువాత మడిలో రాలి మిగిలిన వెన్నులకు పరిగె అని పేరు. ఈనాటి పట్టణపు పిల్లలకు ఈ మాట తెలియదు. మా ప్రాంతంలో ఇంకా బ్రతికే ఉన్నది. చెనక్కాయ చెట్లు పీకిన తరువాత నేలలో తెగి మిగిలిన కాయల కోసం చిన్న గుద్దలి, ఒక గంప పట్టుకొని ఆడవాళ్ళు, పిల్లలు పొలాల్లోకి వస్తారు. సాయంత్రానికి ఒక ఒడి నిండితే అదే గొప్ప. బైబిలును తెలుగు చేసినవారు లేవీయకాండంలో ఈ అచ్చ తెలుగు మాటనే వాడుకొన్నారు. అక్కడి శాసనం స్పష్టంగా ఉన్నది. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయరాదు, పరిగె ఏరుకోరాదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లను కూర్చుకోరాదు, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టవలె. ద్వితీయోపదేశకాండం ఇంకొక అడుగు ముందుకు వేసి, పొలంలో మరచి వచ్చిన పనను తీసుకోవడానికి తిరిగి వెళ్ళవద్దంటుంది. అది పరదేశికీ తండ్రిలేని బిడ్డకూ విధవరాలికీ చెందుతుంది.

చదువరులు ఒక్క విషయం గమనించాలి. ఇక్కడ ధనికుడు "ఇస్తున్నాడు" అన్న మాటకు చోటే లేదు. అతడు చేయవలసినది విడిచిపెట్టడం. ఆ ఓర మొదటినుంచీ అతనిది కాదు. దానిని కోసుకొన్నవాడు దానం చేయని లోభి మాత్రమే కాడు, పరుల సొత్తు అపహరించినవాడు. రూతు కథలో బోయజు పనివాళ్ళతో, ఆమె కోసం కట్టలోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడవేయండి, ఆమెను గద్దించవద్దు అని చెబుతాడు. దేవుడు రూతును పోషించాడా? పోషించాడు. ఎట్లా? బోయజు పొలంలో, బోయజు పనివాళ్ళ చేతుల మీదుగా. ఆ కథలో ఆకాశంనుంచి ఏమీ రాలలేదు. మా ఊళ్ళవైపు చెనక్కాయ పరిగెకు వచ్చిన ఆడవాళ్ళను కర్ర పట్టుకొని తరిమిన ఆసాములను నేను చూచినాను. ఆ ఆసాములలో ఆదివారం గుడికి వెళ్ళేవారూ ఉన్నారు, శనివారం గుడికి వెళ్ళేవారూ ఉన్నారు.

ఇక "ధర్మం" అన్న మాట. తెలుగు దేశంలో బిచ్చమడిగేవాడు "దయ చూపండి" అనడం తక్కువ, "ధర్మం చేయండి" అనడం ఎక్కువ. ఎంత లోతైన మాట అది! చేయి చాచినవాడు మనల్ని మన కర్తవ్యం చేయమంటున్నాడు. హెబ్రీ భాషలో సెదాకా అన్న మాట ఉన్నది. దానికి మూలార్థం నీతి, న్యాయం. కాలక్రమంలో అదే మాట బీదలకిచ్చే దానానికి పేరయింది. తెలుగు బైబిలులో మత్తయి సువార్త ఆరవ అధ్యాయం మొదట్లో నీతికార్యము, ధర్మము అన్న రెండు మాటలూ పక్కపక్క వాక్యాల్లో కనబడతాయి. యూదుల భాషకూ మన భాషకూ చుట్టరికం లేదు. అయినా రెండు జాతులూ బీదవాడికిచ్చేదాన్ని న్యాయం అనే అర్థమున్న మాటతో పిలిచాయి. మనకు దయ పుట్టినప్పుడు ఇవ్వవచ్చు, పుట్టకపోతే మానవచ్చు అనుకొనేవారికి ఈ రెండు భాషలూ అడ్డం నిలుస్తాయి.

"అయ్యా, ఆకాశపక్షులను చూడుమని ప్రభువే చెప్పలేదా? అవి విత్తవు, కోయవు, అయినా తండ్రి వాటిని పోషిస్తున్నాడు గదా" అని అడిగేవారున్నారు. చెప్పినాడు. ఏ అధ్యాయంలో చెప్పినాడో చూడండి. అదే మత్తయి ఆరవ అధ్యాయం. ఆ అధ్యాయం ప్రారంభమయ్యేది ధర్మం చేసే పద్ధతితో, నలుగురికీ కనబడేట్లు బూర ఊదించుకోవద్దన్న హెచ్చరికతో. మధ్యలో ప్రార్థన ఉన్నది. ఆ ప్రార్థనలో ఆహారం అడిగేటప్పుడు "నాకు" అని లేదు, "మాకు" అని ఉన్నది. ఏకవచనానికీ బహువచనానికీ తేడా తెలిసినవాడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పొరుగువాడి కంచం ఖాళీగా ఉండగా నా కంచంలో పడిన అన్నం ఆ ప్రార్థనకు సగం జవాబు మాత్రమే. పక్షుల మాట వచ్చేది ఆ తరువాత, ధనం కూడబెట్టవద్దన్న బోధను ఆనుకొని. చింత మానండి అన్న ఆ మాట, చింత మానినవాడి చేయి వదులవుతుందని చెప్పిన మాట. ఉన్నవాడు దాన్ని తన తాళంచెవికి గుత్తిగా వాడుకొంటే దానికి ప్రభువు బాధ్యుడు కాడు. యాకోబు పత్రిక రాసినాయన ఈ జబ్బును ముందే కనిపెట్టినాడు. బట్టలు లేనివాణ్ణి, కూడు లేనివాణ్ణి చూచి చలి కాచుకో, కడుపు నింపుకో అని దీవించి పంపితే ప్రయోజనమేమని నిలదీసినాడు. "దేవుడున్నాడు పో" అన్న మన వాక్యానికి అంతకంటె మంచి వ్యాఖ్యానం నేనెరుగను.

ఇంతకంటె ప్రమాదకరమైన పాఠం మరొకటి ఈ కాలంలో పుట్టింది. దాన్ని విత్తనపు బోధ అనవచ్చు. నీవు ఇంత విత్తితే దేవుడు అంతకు నూరు రెట్లు తిరిగి ఇస్తాడు, కాబట్టి ఆ విత్తనం నా సంచిలో వేయమని బీదవాళ్ళనే అడగడం దీని సారాంశం. హిందూపురం వైపు ఒక కూటంలో నేనీ బోధను చెవులారా విన్నాను. వక్త పేరు అనవసరం. ఆయన ఎత్తుకొన్నది సారెపతు విధవరాలి కథ. కరవు కాలం. ఆమె తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది వండుకొని తిని కొడుకుతో కలిసి చావడానికి సిద్ధపడి పుల్లలేరుకొంటున్నది. ఏలీయా ప్రవక్త వచ్చి మొదట నాకొక చిన్న అప్పం చేసిపెట్టుమంటాడు. ఆమె పెడుతుంది. కరవు తీరేదాకా పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు. "చూచినారా, మొదట దైవజనుడికి!" అని వక్త గర్జించినాడు. ముందు వరుసలో కూర్చున్న కూలి స్త్రీలు చీరె చెంగులు విప్పినారు.

ఆ కథను ఆయన సగమే చదివినాడు. ఏలీయా తానే కరవు బాధితుడు. వాగు ఎండిపోయినందున దిక్కులేక వచ్చినవాడు. పిండి అయిపోదన్న మాట ముందు ఇచ్చి, తరువాత అదే ఇంట్లో, అదే పిండితో చేసిన రొట్టె తింటూ ఆమెతోనూ ఆమె బిడ్డతోనూ అనేక దినాలు గడిపినాడు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ పిండి తొట్టి ఎవరి ఇంట్లో ఉన్నది? విధవరాలి ఇంట్లోనే ఉన్నది. ప్రవక్త దానిని బండికెత్తించుకొని పోలేదు. ఈ కాలపు ప్రవక్తలు కూటం ముగియగానే తొట్టిని కూడ కారులో వేసుకొని వెళుతున్నారు. మార్కు సువార్తలో ఇద్దరు కాసులు వేసిన బీద విధవరాలి కథను కూడ వీరు ఇట్లాగే వాడుతారు. దానికి పైన రెండు మూడు వాక్యాల్లోనే, దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళు మ్రింగివేసే శాస్త్రులను యేసు తిట్టిన తిట్టు ఉన్నది. అది ఎందుకో వీరి కళ్ళకు ఆనదు.

దశమభాగం సంగతి కూడ తేల్చుకోవాలి. మలాకీ గ్రంథం చూపి పదియవ వంతు తెమ్మంటారు. సంతోషం. ద్వితీయోపదేశకాండం పద్నాలుగవ అధ్యాయం చివర, మూడేళ్ళకొకసారి ఆ పంట పదియవ వంతును ఊళ్ళోనే నిలువచేసి, భూమి లేని లేవీయుడూ పరదేశీ తండ్రిలేనివాడూ విధవరాలూ వచ్చి తృప్తిగా తినేట్లు చూడమని ఉన్నది. మన గుడుల లెక్కల పుస్తకాల్లో ఈ మూడవ ఏడు ఎప్పుడు వస్తుంది? కట్టడం పైకప్పుకూ ధ్వనివర్ధకాలకూ పెట్టిన ఖర్చు పక్కన విధవల పద్దు ఎక్కడ? పెద్దలెవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

ఇప్పుడు చదువుకొన్నవారి ఆక్షేపణకు వద్దాం. "ఊరికే పెడితే సోమరులవుతారు మాస్టారూ. పని చేయనివాడు తినకూడదని మీ పౌలే చెప్పినాడు గదా!" అంటారు. తెలుగు బైబిలు అక్కడ వాడిన మాట "ఒల్లని" అనేది. ఒల్లకపోవడమంటే ఇష్టపడకపోవడం. పని లేనివాడు, పని చేయలేనివాడు, పనికి తగిన కూలి దొరకనివాడు ఆ మాట క్రిందికి రారు. మా మండలాల్లో వానలు తప్పిన ఏడు, ఇంటికి తాళం వేసి బెంగుళూరు కట్టడాల పనికి పోయే కుటుంబాలను చూచినవాడెవడూ సోమరితనం అన్న మాట నోట పలుకడు.

దీనికి బడిలో చూచిన సాక్ష్యం చెబుతాను. మన రాష్ట్రంలో మొదట నెలకు ఇంత బియ్యమని ఇంటికిచ్చేవారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆజ్ఞాపించిన తరువాత, 2003 జనవరినుంచి బడిలో మధ్యాహ్న భోజనం మొదలయింది. అంతకుముందు మధ్యాహ్నం తరువాత నా తరగతిలో కొన్ని బల్లలు ఖాళీగా ఉండేవి. ఆకలికి ఇంటికి వెళ్ళిన పిల్లలు ఇంట్లోనూ ఏమీ లేక, తిరిగి వచ్చే ఓపికా లేక ఆగిపోయేవారు. వచ్చినవారు కూడ పద్యం చెబుతుంటే కళ్ళు తేలవేసేవారు. అన్నం వచ్చిన తరువాత వారు సోమరులు కాలేదు. కూర్చున్నారు, విన్నారు, ప్రశ్నలడిగినారు. అన్నం పెడితే చెడిపోతారన్నవారిలో ఒక్కరైనా తమ బిడ్డను పరీక్షకోసం ఒక పూట పస్తుంచలేదు.

సోమరితనం వాదన ఇంటి అరుగుమీద ఉన్నంతవరకు అది లోభితనం. సింహాసనమెక్కితే ఏమవుతుందో మన సీమకు తెలుసు. 1876లో మొదలైన మహాకరవు నాటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. మడకశిర, హిందూపురం, పెనుకొండ తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం పేరు ధాత. ధాత అంటే సృష్టికర్త. దాత అంటే ఇచ్చేవాడు. రెంటికీ తేడా ఒక్క ఒత్తు. ధాత నామ సంవత్సరంలో దాతలు కరవైనారు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపించి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించినాడు. అదే లిట్టన్, ధాన్యపు ధరల్లో సర్కారు జోక్యం తగదు, వ్యాపారమే సర్దుకొంటుంది అన్నాడు. అతడు పంపిన రిచర్డ్ టెంపుల్, కరవు పనుల్లో మట్టి మోసే పురుషుడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిమీద ఒక అణా చాలునన్నాడు. ఎక్కువ ఇస్తే జనం సర్కారుమీద ఆధారపడతారని భయం. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ కూలితో మనిషి బ్రతకడని ఎదిరించినాడు. కొద్ది నెలల్లోనే కూలి పెంచక తప్పలేదు. ఆ కరవులో బ్రిటిషు పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా జనం చనిపోయినారని అంచనా. "దేవుడు చూచుకొంటాడు" అన్న చోట "వ్యాపారం చూచుకొంటుంది" అన్నారు. అంతే భేదం. వారానికొకసారి బైబిలు చదివించుకొన్న దొరలు వారు. వారిలో ఎందరికి ఓర విడిచిపెట్టమన్న శాసనం గుర్తుకు వచ్చింది?

అయితే అదే కరవులో అదే గ్రంథాన్ని మరొక విధంగా చదివినవాడు ఒంగోలులో ఉన్నాడు. అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. పూర్వం భూముల సర్వేలో పనిచేసిన అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి పని, కూలి కల్పించినాడు. ఎక్కువమంది అంటరానివారని ఊరు దూరం పెట్టిన మాదిగలు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చినవారికి అన్నం పెట్టేకాలంలో బాప్తిస్మం లేదని నిలిపివేసినాడు. కరవు సాయం ముగిసిన తరువాతే తిరిగి మొదలుపెట్టినాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందినారు. వీరు అన్నానికి మారినవారేనని నేటికీ అనేవారున్నారు. వారికి నేను చెప్పేది ఇంతే. అన్నం చూపి మతం అమ్మడం తప్పు. అది దానం కాదు, ఎర. ఈ మాట క్రైస్తవుడిగా నేనే ముందు అంటాను. కాని ఎర వేయదలచినవాడు చేప వచ్చినప్పుడు గాలం తీసివేయడు. ఇక, ఎర అన్న అనుమానాన్ని సాకుచేసుకొని అసలు పెట్టడమే మానుకొన్నవారు, తమ సొంత ధర్మం ప్రకారమైనా ఎంత పెట్టినారో చెప్పాలి. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి వచ్చినవారికందరికీ అన్నం పెట్టినాడు. ఆయన బైబిలు చదవలేదు. ఓర మాత్రం విడిచిపెట్టినాడు. శాసనం నెరవేరింది.

మన కాలానికి, మన జిల్లాకే వద్దాం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ సన్యాసిగా 1952లో భారతదేశానికి వచ్చినాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసినందుకు 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఇందిరాగాంధీ చొరవతో తిరిగి వచ్చి 1969లో అనంతపురం చేరినాడు. మరుసటి ఏడు జెసూట్ సంఘాన్ని వదలి గృహస్థుడయినాడు. వారు మొదట దిగిన ఇంటి గోడమీద, అద్భుతం కోసం వేచి ఉండమనే అర్థం వచ్చే ఆంగ్లపు కాగితం ఒకటి అంటించి ఉన్నదని చెప్పుకొంటారు. వేచి ఉండడమంటే ఆయనకు ఏమని అర్థమయిందో ఆయన పనులు చెబుతాయి. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అన్న పేరుతో బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఇళ్ళు, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి. ఇళ్ళు ఆడవారి పేరుమీద. ఆయన తరచు దైవానుగ్రహపు పోషణను గురించి మాట్లాడేవాడు. కాని ఆ పోషణ స్పెయిన్ దేశంలోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాల రూపంలో వచ్చింది. 2009 జూన్ 19న ఆయన మరణించినప్పుడు కడసారి చూడడానికి వచ్చిన జనంలో ఎక్కువమంది ఏ చర్చికీ చెందినవారు కారు. వారినెవరూ మీ మతమేమని అడిగి అన్నం పెట్టలేదు.

ఇక్కడే నా చివరి అభియోగం. ఇది మనమీద. రెండవ కొరింథీ పత్రికలో పౌలు, యెరూషలేము బీదలకోసం దూరదేశపు సంఘాలనుంచి చందా పోగుచేస్తూ ఒక సూత్రం చెబుతాడు. సమానత్వం. ఈనాడు మీ సమృద్ధి వారి కొరతను తీరుస్తుంది, రేపు వారి సమృద్ధి మీ కొరతను తీరుస్తుంది. దానికి ఉపమానంగా మన్నా కథను తెస్తాడు. ఎక్కువ కూర్చుకొన్నవాడికి మిగలలేదు, తక్కువ కూర్చుకొన్నవాడికి తగ్గలేదు. మరునాటికి దాచినది పురుగు పట్టి కంపు కొట్టింది. అర్ధశతాబ్దంపాటు అనంతపురం సీమ యెరూషలేము స్థానంలో కూర్చున్నది. పుచ్చుకోవడంలో సిగ్గు లేదు. అయితే ఆ బడుల్లో చదివి, ఆ ఆసుపత్రుల్లో బాగుపడి, ఈనాడు బెంగుళూరులో, హైదరాబాదులో, అమెరికాలో నాలుగంకెలు దాటి అయిదంకెలు, ఆరంకెలు సంపాదించేవారు మనలో వేలమంది ఉన్నారు. మన వంతు ఎప్పుడు? స్పెయిన్‌లో ఒక ముసలమ్మ తన పింఛనులోంచి తీసి పంపగలిగినప్పుడు, హిందూపురంలో రెండంతస్తుల మేడ కట్టినవాడు తన వీధి చివరి గుడిసెను చూచి "దేవుడున్నాడు" అంటాడా?

బీదలు మీతో ఎల్లప్పుడూ ఉంటారన్న యేసు మాటను కొందరు వేదాంతంలా వల్లిస్తారు. మార్కు సువార్తలో ఆ వాక్యం అక్కడితో ఆగదు. మీకు ఇష్టమైనప్పుడెల్ల వారికి మేలు చేయగలరన్నది తరువాతి భాగం. దాని మూలం ద్వితీయోపదేశకాండంలో ఉన్నది. అక్కడ కూడ, బీదలు ఉండకమానరు, కాబట్టి నీ చేయి చాపుమని ఆజ్ఞాపిస్తున్నాను అని ఉంటుంది. "కాబట్టి" అన్న అవ్యయాన్ని మింగివేసి వాక్యాన్ని చదివేవాడికి నేను తెలుగు పరీక్షలో మార్కులు వేయను.

నేను కోరేది పెద్ద త్యాగాలు కాదు. పరిగెకు వచ్చినవాళ్ళను తరమవద్దు. గుడి లెక్కల్లో విధవల పద్దు మొదటి పేజీలో రాయండి, కట్టడం పద్దు తరువాత రాయండి. బియ్యపు సంచి ఇచ్చేటప్పుడు ఫొటో తీయించకండి, బూర ఊదవద్దన్న మాట ఫ్లెక్సీ బ్యానరుకు కూడ వర్తిస్తుంది. కూలివాడి కూలి సాయంత్రంలోగా ఇవ్వండి, అది కూడ అదే ద్వితీయోపదేశకాండపు శాసనం. ఇవి నాలుగూ చేసిన తరువాత మీ గడప ముందుకు వచ్చినవాడితో "దేవుడున్నాడు" అని నిర్భయంగా చెప్పండి. అప్పుడు మీ చేతిలో గిన్నె ఉంటుంది గనుక వాడు నమ్ముతాడు.

స్వస్తి.